టర్కీ కోడికి రెండో వేలం

పోయిన వారం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడిన చోట ఆగాం. ఆ చెప్పులు ఎవరివో హెప్సిబాకు చూడకుండానే తెలుసు. ఆ మాటకొస్తే మీకూ తెలుసు. తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

అల్మాస్‌గూడలో కృష్ణకుమారి మేడ మీది రెండు గదుల్లో హెప్సిబా, ఆమె భర్త మోహన్, అత్త ఎలీశమ్మ కిరాయికి ఉంటారు. నవంబరులో వాళ్ల సంఘంలో కోత పండుగ జరిగింది. గుమ్మడికాయలు, బియ్యం మూటలు, నాటుకోళ్లు, ఎవరు ఏం తెచ్చినా ఆరాధన అయ్యాక అక్కడే వేలం వేస్తారు, వచ్చింది మందిరానికి చేరుతుంది. అన్నిటికన్నా చివర ఒక టర్కీ కోడి వస్తుంది. దాన్ని పాడుకున్నవాళ్లు ఇంటికి తీసుకుపోరు. "దేవునికే" అని చెప్పి తిరిగి ఇచ్చేస్తారు. మళ్లీ వేలం, మళ్లీ "దేవునికే". అలా మూడు చేతులు మారి ఆ పక్షి క్రిస్మస్ ప్రేమ విందులో కూర అవుతుంది. ఇది ఎక్కడా రాసి లేదు. అందరికీ తెలిసిందే కదా అని కొత్త కోడలికి ఎవరూ చెప్పలేదు. హెప్సిబా పాడింది, గెలిచింది, కోడిని చంకనెత్తుకుని ఆటో ఎక్కింది.

ఆ పూట వేలం వేసింది సంఘ పెద్ద యేసుదాసు. ఎలీశమ్మకు సొంత తమ్ముడు, మోహన్‌కు మేనమామ. కోడిని తిరిగి అందుకోవడానికి ఆయన చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. కొందరికి డబ్బు పోతే నిద్ర పట్టదు. యేసుదాసుకు ఆ నవ్వు వల్ల నెల రోజులుగా నిద్ర పట్టడం లేదు. మరుసటి ఆదివారమే, మందిరంలో పాటలకు కీబోర్డు వాయించే మోహన్‌ను దాని ముందు నుంచి లేపి వెనక కూర్చోబెట్టాడు. ఇప్పుడు గోనెసంచి, ప్లాస్టిక్ తాడు పట్టుకుని మెట్లెక్కి వస్తున్నాడు.

* * *

శనివారం పొద్దున. హెప్సిబా డాబా మూల రేకుల నీడలో కూర్చుని, కోడిని మోకాళ్ల మధ్య పట్టుకుని, దాని కుడి పాదాన్ని గోరువెచ్చటి ఉప్పునీళ్లలో కడుగుతోంది. కోడికి దొర అని పేరు పెట్టింది తనే. రొమ్ము విరుచుకుని, తోక విప్పుకుని, ఎవరి జాగాలోనైనా తనదే అన్నట్టు నడిచే పక్షికి ఇంకే పేరు నప్పుతుంది? ఫారం వాళ్లు మాంసం కోసమే పెంచే జాతి అది. ఒళ్లు బరువు, కాళ్లు బలహీనం. సిమెంటు మీద నాలుగు రోజులు తిరిగేసరికి అరికాలికి పుండు పడింది. అందుకే నేలంతా మందంగా వరి ఊక పోసింది. పైనుంచి దూకితే కాళ్లు విరుగుతాయని పశువుల డాక్టర్ చెబితే, పడుకోవడానికి జానెడు ఎత్తులో చెక్క వేసింది. దాణా కొలిచి పెడుతోంది, ఆకుకూర తరిగి పెడుతోంది. మొగుడికి ఇంత చేసిందా అని మీరు అడగవచ్చు. మోహన్ కూడా ఆ ప్రశ్న ఒకసారి అడిగి ఊరుకున్నాడు.

యేసుదాసు తెల్ల చొక్కా కనబడగానే దొర ఆమె చేతుల్లోంచి గింజుకుని లేచాడు. తోక విప్పాడు. రెక్కలు నేలకు రాసుకుంటూ చర్‌మన్నాయి. నీలంగా ఉన్న తల చూస్తుండగానే ఎర్రబడింది, ముక్కు మీది కండ తొండంలా కిందికి సాగింది.

"ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిండు," అన్నాడు యేసుదాసు. "నువ్వు కోడి కాళ్లు కడుగుతున్నవ్. సంఘంల చెప్పుకునేటట్టున్నది నీ భక్తి."

"పుండైంది మామా. నడవలేకపోతున్నది."

"ఇంక ఎంత నడుస్తది? గురువారం ప్రేమ విందు. వంటోళ్లకు చెప్పి పెట్టిన. మోహన్, ఇటు రారా. తాడు పట్టు."

మోహన్ లోపలి నుంచి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. తాడు వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అచ్చం అలాగే ఉంది అతని పని.

"మామా, జర కూసో. చాయ్ తాగు."

"నేను చాయ్‌కి రాలే. దేవుని సొత్తు తీసుకపోనీకొచ్చిన."

"దేవుని సొత్తు ఎట్లయితది?" హెప్సిబా లేచి నిలబడింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. "నేను పాడిన. నా జీతం పెట్టి పాడిన. దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపుల పొద్దుగాల నుంచి నిలబడి తెచ్చుకున్న జీతం."

"పాడినోళ్లందరు జీతాలే పెట్టిన్రు. ఒక్కరన్న ఇంటికి మోసుకపోయిన్రా? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి."

"నాకెవరన్న చెప్పిన్రా? మీరు దాన్ని కాళ్లు కట్టి తలకిందులు పట్టుకుని చూపిచ్చిన్రు. అది మెడ పైకి తిప్పి జనాన్ని చూస్తున్నది. నాతోని చూడబుద్ధి కాలే. పాడిన. ఇప్పుడు తెల్సింది మీ ఆచారం. అయినా ఇయ్య."

"ఇయ్యనంటే?"

"ఇయ్యనంటే ఇయ్యను. దాన్ని కోసి కూర వండుకుని మీరు ప్రేమ విందు అని పేరు పెట్టుకుంటరు. నేను పెంచుకుంట. ఇందుల ప్రేమ ఏదో మీరే చెప్పుండ్రి."

యేసుదాసు ముఖం దొర తలతో పోటీ పడింది. నలభై ఏళ్లుగా ఆయనకు ఎవరూ అలా ఎదురు చెప్పలేదు. ఆయన మేనల్లుడి వైపు తిరిగాడు. "వింటున్నవారా? మీ అయ్య మట్టయ్య ఎట్లాంటి మనిషి? ఆయన కడుపున పుట్టి, పెండ్లాం నోటికి భయపడి నిలబడ్డవు."

"హెప్సీ," అన్నాడు మోహన్ మెల్లగా. "ఇచ్చేద్దాం. ఎన్ని దినాలని గిట్ల అందరితోని పడుతం? మామ మళ్ల నన్ను కీబోర్డు మీద కూసోనిస్తడు."

"నీ కీబోర్డుకు దీని మెడ కావాల్నా?"

పెళ్లయిన ఈ ఏడు నెలల్లో ఆమె అతన్ని అలా చూడటం అదే మొదటిసారి.

కింద కుక్కర్ కూత పెట్టింది. దొర మెడ సాచి గుడుగుడుగుడుమని బదులిచ్చాడు. ఇంకో కూత, ఇంకో బదులు. ఆ వెంటనే మెట్ల మీద గాజుల చప్పుడు, దాని వెనక కృష్ణకుమారి.

కృష్ణకుమారి ఇంటి ఓనరు. అత్తగారిది పోచంపల్లి. మగ్గాలు అమ్మేసి వచ్చిన కుటుంబం, ఇప్పుడు చీరల వ్యాపారం. ఆమెకు ఎవరి దేవుడితోనూ పేచీ లేదు. పేచీ అంతా తన కుక్కర్‌తో.

"ఏంది లొల్లి? మా ఇంట్ల పంచాయితీలు పెట్టుకునేటందుకా మీకు కిరాయికిచ్చింది?" ఆమె గరిటె చేతిలోనే ఉంది. "కుక్కర్ ఒక కూత పెడితే ఇది రెండు పెడతది. ఎన్నైనయో నాకు లెక్క తెలుస్తలేదు. దీని పుణ్యాన వారంల రెండుసార్లు పప్పు మాడింది. మా ఆయన హెల్మెట్ పెట్టుకుని గేటు తీస్తే మీదికి దూకింది. హరిప్రసాద్ అంటే షాపుల ఇరవై మంది లేచి నిలబడతరు, ఇంటికొస్తె కోడికి భయపడి గోడ దూకాలె."

"అందుకే తీసుకపోనీకొచ్చిన అమ్మా," అన్నాడు యేసుదాసు, గొంతులో ఒక్కసారిగా తేనె పోసుకుని.

"అయితే నిలబడి చూస్తరేంది? తీస్కపోండ్రి. పీడ పోతది." ఆమె హెప్సిబా వైపు తిరిగింది. "నేను నీకు ముందుగాలనే చెప్పిన. సోమవారం పొద్దుగాల ఇది ఇక్కడ కనబడితే మీ సామాన్లు రోడ్డు మీద ఉంటయి. మళ్ల నన్ను అనొద్దు."

గోరుచుట్టు మీద రోకటి పోటు. ఒక వైపు సంఘం, ఒక వైపు ఓనరు, మధ్యలో తువ్వాలు వేసుకున్న మొగుడు. హెప్సిబాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని వాళ్ల ముందు కారనివ్వడం ఇష్టం లేక పళ్లు బిగబట్టింది. ఇవాళ ఈ పక్షిని వదిలితే తన ఇంట్లో తనది అనేది ఇక ఏదీ ఉండదని ఆమెకు గట్టిగా అనిపించింది.

యేసుదాసు తాడు విప్పి ముందుకు వచ్చాడు. దొర ఆగలేదు. కుంటికాలుతోనే ఎగిరి రెండు రెక్కలతో ఆయన మోకాళ్ల మీద ఫెడేల్‌మని కొట్టాడు. ఆయన తూలి, పిట్టగోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. తన్నడానికి చెప్పుకాలు ఎత్తాడు.

"తమ్ముడా. కాలు దించు."

ఆ మాట గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. ఇప్పటిదాకా ఎలీశమ్మ అక్కడే ఉంది. అందరికీ వీపు చేసి కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. ఈ నెల రోజుల్లో ఆమె కోడలితో ఒక్క ముక్క మాట్లాడలేదు. అన్నం వడ్డిస్తే తిన్నది, పలకరిస్తే ముఖం తిప్పుకుంది. కోడి ఇంటికి వచ్చిన మూడో రోజునే, ఊరి నుంచి వెంట తెచ్చుకుని బిడ్డల్లా పెంచుకున్న నాటుకోళ్లను గంపతో సహా మోసుకుపోయి వెనక గల్లీలో లచ్చమ్మకు ఇచ్చేసి వచ్చింది. ఖాళీ గంప మాత్రం తిరిగి తెచ్చి మూలన బోర్లించింది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, ఈమె కోడలి మీది కోపం కోళ్ల మీద చూపిందని హెప్సిబా అనుకుంది. తనకు గుడ్డు దక్కకూడదనే అనుకుంది కూడా.

"నువ్వు అడ్డం రాకక్కా," అన్నాడు యేసుదాసు. "ఇది సంఘం ఆచారం."

"ఆ ఆచారం ఎవరు పెట్టిన్రో యాదికున్నదా?"

"పెద్దోళ్లు పెట్టిన్రు."

"ఏ పెద్దోళ్లు? మీ బావ పెట్టిండు." ఎలీశమ్మ ఆకు తట్ట పక్కకు జరిపి లేచింది. "మనం దిల్‌సుఖ్‌నగర్ల వెనక గల్లీల ఒక్క అర్రల ఉన్నప్పుడు, సంఘానికి మొదటిసారి గీ పక్షి ఒచ్చింది. మీ బావ పాడిండు. తిననీకి కాదు, పెంచనీకి. వారం దినాలు నిద్ర లేదు ఆయనకు. దాణా ఏంది, గూడు ఎంత ఎత్తుండాలె, ఎవరెవర్నో అడిగొచ్చి నాకు చెప్పేటోడు. పాడినంక యాదికొచ్చింది, ఓనరు పెంచనియ్యడని. అందరి ముందట ఏమని చెప్తడు? ఉండనీకి జాగ లేదని చెప్తడా? నవ్వుకుంట 'దేవునికే' అని తిరిగిచ్చిండు. ఏం భక్తి అని అందరు చప్పట్లు కొట్టిన్రు. మరుసటేడు పాడినోడు గూడ ఇయ్యకపోతే తక్కువైతడని ఇచ్చిండు. గిదీ మీ ఆచారం. జాగ లేనోని సిగ్గుకు మీరు దండలు వేస్తున్నరు."

మోహన్ తల్లిని నోరు తెరిచి చూస్తున్నాడు. కృష్ణకుమారి గరిటె దించింది. ఓనరు అన్న మాట ఆమెకు ఎక్కడో తగిలింది కానీ, తగిలినట్టు కనబడనివ్వలేదు.

యేసుదాసు మాత్రం కదలలేదు. తాడును చేతికి ఒక చుట్టు చుట్టుకున్నాడు.

"మంచిగ చెప్పినవక్కా. సగం చెప్పినవ్. మిగిలిన సగం నేను చెప్పనా?"

ఎలీశమ్మ గుమ్మం వైపు ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేను ఆనాడు బావ పక్కనే కూసున్న. ఓనరు ఏడున్నడు ఆడ? ఓనరు మంచోడు, పాపం ఏమీ అనలే. లేచి బావ చొక్కా గుంజింది నువ్వు. 'అది ఇంట్లకొస్తే నా కోళ్లు ఏడికి పోవాలె? ఒక్క జాగల ఉంటే దానికి రోగం తగులుతదని నువ్వే అంటివి. కోళ్లన్న ఉండాలె, అదన్న ఉండాలె' అన్నవ్. అన్నవా లేదా? సంఘమంతా మీ దిక్కే చూస్తున్నది. ఆయన ముఖం నేను చూసిన. దేవునికే అన్నడు, కూసున్నడు."

"మామా, ఇగ చాలు," అన్నాడు మోహన్.

"చాలదు. క్రిస్మస్ నాడు దాన్ని వండింది గూడ మీ అమ్మనే. మా అక్క చెయ్యి మంచిదని అందరు వేళ్లు నాక్కున్నరు. మీ అయ్య మాత్రం ఇస్తరాకు ముందట కూసోలే. ఇయ్యాల ఉపవాసం అన్నడు. క్రిస్మస్ నాడు ఉపవాసం ఏందని అందరం నవ్వినం."

ఒక తమ్ముడు అక్కను ఇంత కంటే గట్టిగా కొట్టలేడు. చేత్తో కొట్టినా ఆమె ఓర్చుకునేది. ఎలీశమ్మ రెండు చేతులూ గుమ్మానికి ఆనించి నిలబడింది.

హెప్సిబా చూపు మూలన బోర్లించిన గంప మీద పడింది. పశువుల డాక్టర్ తనను మొదట అడిగిన ప్రశ్న గుర్తుకొచ్చింది. ఇంట్లో నాటుకోళ్లు ఉన్నాయా అని అడిగాడు. ఉండేవి, మా అత్త ఇచ్చేసింది అంటే, బతికించింది అన్నాడు. ఆ మాట ఆమె అప్పుడు పట్టించుకోలేదు.

"అత్తమ్మా," అంది. "కోళ్లను అందుకే ఇచ్చేసినవా? దీని కోసమా?"

"కోళ్లు తిరిగిన జాగల ఇది బతకదు. కార్జం ఖరాబైతది," ఎలీశమ్మ కోడలి వైపు చూడకుండానే అంది. "డాబా అంతా సున్నం నీళ్లతోని కడిగిన. నువ్వు షాపుకు పోయినప్పుడు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎందుకు చెప్పాలె?" ఇప్పుడు చూసింది ఆమె. ఆ చూపులో జాలి లేదు, మెత్తదనం లేదు. "నీ మీద ప్రేమతోని చేసిన అనుకోకు. నువ్వంటే నాకు ఇప్పటికీ మంటనే. నేను చొక్కా గుంజితే ఆయన కూసున్నడు. మొన్న వేలంల మోహన్ నీ కొంగు గుంజిండు, నేను చూసిన. నువ్వు కూసోలే. ఆ పక్షిని ఎత్తుకుని బయటికి నడుస్తుంటే నా ఒళ్లంతా మండింది. ఆయన గూడ అట్ల నడిచిపోతే ఏమయితుండె? నా కోళ్లు పోతుండె. ఆ గుడ్లు అమ్ముకునే మోహన్‌ను చదివిచ్చిన. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. కాని ఆయన ఆనాడు అన్నం ముట్టలే. గది నన్ను తింటనే ఉన్నది."

దొర తోక ముడుచుకుని, ఊకలో కాలు తేలికగా ఆనించి, ఎలీశమ్మ కాళ్ల దగ్గరికి వచ్చి గోంగూర కాడను ముక్కుతో లాగాడు.

"అయితే ఏమంటవక్కా?" యేసుదాసు గొంతు కొంచెం దిగింది కానీ తాడు దిగలేదు. "నీ కథ నీకున్నది. నా చెయ్యి సంఘం ముందట ఖాళీగ ఉండిపోయింది. దానికేం జవాబు?"

"సంఘం ముందటనే జవాబు. రేపు ఆరాధన అయినంక మళ్ల వేలం పెట్టు. హెప్సిబా దీన్ని తెచ్చి నీ చేతుల పెడతది. 'దేవునికే' అని అంటది. నీ చెయ్యి నిండుతది, నీ ఆచారం నిలబడతది."

"అత్తమ్మా!" హెప్సిబా గొంతు చీలింది. "నేను ఇయ్య."

"నోరు ముయ్యి. నేను చెప్పేది ఇను." ఎలీశమ్మ తమ్ముడి దగ్గరికి వచ్చి, అతని చేతికి చుట్టుకుని ఉన్న తాడును ఒక్కొక్క చుట్టే విప్పి, కింద పడేసింది. "కాళ్లు కట్టకుండ ఎత్తుకొస్తం. నువ్వు పాట మొదలుపెట్టు. ఈసారి పాట నేను పాడత. మట్టయ్య పెండ్లాం పాడుతదని అందరికి చెప్పు. పాడి ఇంటికి తెచ్చుకుంట. మూడుసార్లు చేతులు మారాలె అంటవా? మొదలు ఎవరన్న నా మీద పాడి గెలవమను."

యేసుదాసు ఆలోచనలో పడ్డాడు. సంఘంలో మట్టయ్య పేరు చెబితే ముసలివాళ్లు ఇప్పటికీ తల వంచుతారు. ఆయన విధవ లేచి పాట పాడితే ఎదురు పాడే మనిషి ఎవరు? ఒక్కరు కూడా లేవరు. అది ఆయనకు తెలుసు. హెప్సిబాకూ ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. నెల రోజుల్లో మొదటిసారి ఆమె అత్త ముఖంలోకి సూటిగా చూసింది. అత్త మాత్రం చూపు తిప్పుకుంది.

"జర ఆగుండ్రి."

కృష్ణకుమారి. ఆమె మెట్ల దగ్గరే నిలబడి ఉంది. గరిటెను ఇంకో చేతిలోకి మార్చుకుంది. వినాయక చవితి వస్తే ఆమె సంగతి ఆ గల్లీలో అందరికీ తెలుసు. బాలాపూర్ లడ్డూ అంత పెద్దది కాకపోయినా వాళ్ల మండపం లడ్డూ వేలంలో ఏటేటా ఆమె ఇంటికే వస్తుంది. హరిప్రసాద్ వద్దని కాళ్లు పట్టుకున్నా, ఒకసారి పాట మొదలుపెడితే ఆమె మధ్యలో ఆపిన దాఖలా లేదు, మట్టయ్య పేరుకు తల వంచాల్సిన పనీ ఆమెకు లేదు.

"మీ వేలంల," అంది ఆమె దొర వైపే చూస్తూ, "బయటోళ్లు గూడ పాడొచ్చా?"

మెట్లెక్కినప్పటి నుంచి యేసుదాసు నవ్వడం అదే మొదలు. గోనెసంచిని జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"దేవుని ముందట బయటోళ్లు, లోపటోళ్లు ఉండరమ్మా," అన్నాడు. "పొద్దుగాలనే ఆరాధన. జర ముందు వరుసల కూసోండ్రి."